బరువు తగ్గుదల: ఇన్సులిన్, సెక్స్ హార్మోన్ల మీద దాని ప్రభావం

ఊబకాయం ఉన్న మగవాడు గట్టిగా బరువు తగ్గితే అతని రక్తంలో టెస్టోస్టెరాన్ పెరుగుతుంది. పీసీఓఎస్ అనే అండాశయ సమస్య ఉన్న స్త్రీ బరువు తగ్గితే అదే టెస్టోస్టెరాన్ దిగివస్తుంది. నెలసరి ఆగిపోయిన వయసులో ఉన్న స్త్రీకి ప్రధానంగా తగ్గేది ఈస్ట్రోజెన్. ముగ్గురిలోనూ ఒకే తీరుగా మారే హార్మోన్ ఇన్సులిన్. ఇదివరకు ఎక్కువ ఇన్సులిన్ ఉంటే తప్ప జరగని పని, బరువు తగ్గాక కొద్దిపాటి ఇన్సులిన్‌తోనే జరిగిపోతుంది. సెక్స్ హార్మోన్లలో కనిపించే మార్పుల్లో పెద్ద భాగం దీని వెంట వచ్చేదే. మిగతాది కాలేయం, కొవ్వు, మెదడు కలిసి నడిపే వ్యవహారం.

ఇన్సులిన్ ఉన్నా పని జరగకపోవడం

1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేశాక, షుగర్ జబ్బు అంటే ఇన్సులిన్ లేకపోవడమేనని వైద్యులు అనుకున్నారు. 1936లో లండన్ వైద్యుడు హెరాల్డ్ హిమ్స్‌వర్త్ అది పూర్తి నిజం కాదని చూపించాడు. రోగులకు గ్లూకోజ్, ఇన్సులిన్ కలిపి ఇచ్చి చూస్తే కొందరిలో చక్కెర వెంటనే దిగింది, కొందరిలో దాదాపు కదలలేదు. రెండో రకం వాళ్ల శరీరం ఇన్సులిన్ మాట వినడం లేదన్నమాట. 1960 ప్రాంతంలో న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రక్తంలో ఇన్సులిన్‌ను నేరుగా కొలిచే పద్ధతి కనిపెట్టాక సంగతి మరింత తేటపడింది. పెద్ద వయసులో షుగర్ వచ్చిన చాలామందిలో ఇన్సులిన్ తక్కువ కాదు, ఎక్కువే ఉంది. ఆ పద్ధతికి గాను యాలోకు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది.

కణాలు ఇన్సులిన్‌కు ఎంత తేలిగ్గా స్పందిస్తాయన్నదే ఇన్సులిన్ సెన్సిటివిటీ. ఆ స్పందన మందగిస్తే ఇన్సులిన్ రెసిస్టెన్స్. దీన్ని కచ్చితంగా కొలిచే క్లాంప్ పద్ధతిని 1979లో డిఫ్రాంజో బృందం స్థిరపరిచింది. అందులో ఒక గొట్టం ద్వారా ఇన్సులిన్, మరో గొట్టం ద్వారా గ్లూకోజ్ గంటల తరబడి ఎక్కిస్తూ, రక్తంలో చక్కెర మారకుండా ఉంచడానికి ఎంత గ్లూకోజ్ పట్టిందో లెక్కిస్తారు. అది పరిశోధనశాలకే పరిమితం. మామూలు ఆస్పత్రుల్లో వాడేది 1985లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన హోమా-ఐఆర్ సూత్రం. పరగడుపు షుగర్‌ను పరగడుపు ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగిస్తే చాలు. షుగర్ 100, ఇన్సులిన్ 20 ఉన్న మనిషికి ఈ లెక్క సుమారు 4.9 వస్తుంది. బరువు తగ్గాక షుగర్ 92, ఇన్సులిన్ 9 అయితే అది 2కి పడిపోతుంది. ఇక్కడ షుగర్ మారింది 8 అంకెలే, ఇన్సులిన్ మాత్రం సగానికి పైగా తగ్గింది. ఒక్క షుగర్ పరీక్షే చేయించుకునేవాళ్లకు అసలు మార్పు కంటికి ఆనకపోవడానికి కారణం ఇదే.

ఎంత కొవ్వు కాదు, ఎక్కడి కొవ్వు

1947లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగర వైద్యుడు జాన్ వాగ్ ఒక తేడాను గుర్తించాడు. తొడలు, పిరుదుల దగ్గర కొవ్వు పేరుకున్నవాళ్లకంటే పొట్ట, నడుము పైభాగంలో పేరుకున్నవాళ్లకే షుగర్, గుండెజబ్బులు ఎక్కువ. చర్మం కింద ఉండే కొవ్వు చాలావరకు నిల్వ సరుకు. అది నిండిపోయాక మిగులు కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలో, కండరాల్లో చేరుతుంది. కాలేయ కణాల్లో, కండర కణాల్లో పేరుకున్న కొవ్వు ఇన్సులిన్ సంకేతాన్ని దారిలోనే అడ్డుకుంటుందని యేల్ విశ్వవిద్యాలయంలో జెరాల్డ్ షుల్‌మన్ బృందం దశాబ్దాల పరిశోధనతో చూపించింది.

దీనికి తిరుగులేని రుజువు లైపోడిస్ట్రఫీ అనే అరుదైన జబ్బు. ఈ జబ్బున్నవాళ్లకు చర్మం కింద కొవ్వే ఉండదు. చూస్తే బక్కపలచగా, నరాలు తేలి కనిపిస్తారు. అయినా వాళ్ల ఇన్సులిన్ రెసిస్టెన్స్ చాలా తీవ్రంగా ఉంటుంది. దాచుకునే చోటు లేక కొవ్వంతా కాలేయం మీద పడటమే కారణం.

బరువు తగ్గేటప్పుడు ముందుగా ఖాళీ అయ్యేది కూడా కాలేయమే. బ్రిటన్‌లోని న్యూకాజిల్‌లో రాయ్ టేలర్ 2011లో టైప్-2 షుగర్ ఉన్న 11 మందిని రోజుకు 600 కిలోకేలరీల ఆహారం మీద ఉంచాడు. వారం తిరిగేసరికి వాళ్ల పరగడుపు షుగర్ మామూలు స్థాయికి వచ్చింది, కాలేయంలో కొవ్వు 30 శాతం తగ్గింది. తర్వాత 306 మందితో జరిగిన డైరెక్ట్ అనే అధ్యయనం ఫలితాలు 2017 చివర్లో వెలువడ్డాయి. ఆహార నియమం పాటించిన వర్గంలో ఏడాదికి 46 శాతం మంది మందులు లేకుండానే షుగర్ నుంచి బయటపడ్డారు. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవాళ్లలో ఆ సంఖ్య 86 శాతం.

అంత తగ్గలేనివాళ్ల మాటేమిటి? 2016లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో శామ్యూల్ క్లైన్ బృందం దీన్ని అంచెలంచెలుగా పరీక్షించింది. శరీర బరువులో 5 శాతం తగ్గగానే కాలేయం, కొవ్వు, కండరం మూడింటిలోనూ ఇన్సులిన్ స్పందన మెరుగుపడింది. 11, 16 శాతం దాకా తగ్గినకొద్దీ కండరాల్లో లాభం పెరుగుతూ పోయింది, కాలేయంలో మాత్రం మొదటి అంచెలోనే చాలావరకు అందింది. 80 కిలోల మనిషికి 5 శాతం అంటే 4 కిలోలు.

ఇన్సులిన్‌ను సెక్స్ హార్మోన్లతో కలిపే ప్రోటీన్

రక్తంలో టెస్టోస్టెరాన్ విడిగా తిరగదు. అందులో అధిక భాగం రెండు ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది. ఒకటి అల్బుమిన్, రెండోది ఎస్‌హెచ్‌బీజీ. దేనికీ అంటుకోకుండా స్వేచ్ఛగా ఉండేది రెండు, మూడు శాతమే. కణాల్లోకి తేలిగ్గా చొరబడేది ఇదే. ఎస్‌హెచ్‌బీజీ తయారయ్యేది కాలేయంలో. కాలేయంలో కొవ్వు పేరుకుని, రక్తంలో ఇన్సులిన్ పెరిగితే దీని ఉత్పత్తి పడిపోతుంది. బరువు తగ్గితే మళ్లీ పెరుగుతుంది. స్త్రీలోనైనా పురుషుడిలోనైనా ఇంతవరకు ఒకే కథ. ఆ పెరుగుదల ఫలితం మాత్రం వేరు: స్త్రీలో అది స్వేచ్ఛగా తిరిగే మగ హార్మోన్‌ను పట్టి ఉంచుతుంది, పురుషుడి రిపోర్టులో మొత్తం టెస్టోస్టెరాన్ అంకెను పైకి లేపుతుంది.

రెండో లింకు కొవ్వు కణజాలంలోనే ఉంది. అందులోని అరోమటేజ్ అనే ఎంజైమ్ మగ హార్మోన్లను ఈస్ట్రోజెన్లుగా మారుస్తుంది. కొవ్వు ఎంత ఎక్కువుంటే ఈ మార్పిడి అంత ఎక్కువ.

పీసీఓఎస్: అండాశయం వినే ఇన్సులిన్

1921లో పారిస్ వైద్యులు అషార్, టియెర్ గడ్డాలు మొలిచిన స్త్రీలలో మధుమేహాన్ని వర్ణించారు. 1935లో షికాగోలో స్టైన్, లెవెంథాల్ నెలసరి ఆగి, అండాశయాల్లో నీటితిత్తులు నిండిన ఏడుగురు స్త్రీల గురించి రాశారు. ఈ రెండు చిత్రాలూ ఒకే జబ్బు తాలూకువని తేలడానికి మరో 45 ఏళ్లు పట్టింది. 1980లో బర్గెన్ బృందం ఈ స్త్రీలలో ఇన్సులిన్ ఎంత ఎక్కువుంటే మగ హార్మోన్లూ అంత ఎక్కువున్నాయని గమనించింది.

వింత ఏమిటంటే, కండరాలూ కాలేయమూ ఇన్సులిన్‌కు మొద్దుబారినా అండాశయం మొద్దుబారదు. అవసరానికి మించి ఊరిన ఇన్సులిన్, పీయూష గ్రంథి పంపే ఎల్‌హెచ్ హార్మోన్‌తో చేయి కలిపి, అండాశయంలోని థీకా కణాల చేత టెస్టోస్టెరాన్ ఎక్కువగా తయారు చేయిస్తుంది. మరోవైపు కాలేయంలో ఎస్‌హెచ్‌బీజీని తగ్గిస్తుంది. రెండూ కలిసి ముఖం మీద అవాంఛిత రోమాలు, మొటిమలు, నెలలు దాటిపోయే నెలసరి తెచ్చిపెడతాయి. తెలుగు ఇళ్లలో దీన్ని పీసీఓడీ అంటారు. ఇన్సులిన్ ఎక్కువైన సంగతిని రక్తపరీక్షకంటే ముందు చర్మమే చెబుతుంది. మెడ వెనక, చంకల్లో నల్లటి, దళసరి చారలు పడతాయి. ఎక్కువైన ఇన్సులిన్ చర్మ కణాలను పెరగమని ప్రేరేపించడం వల్ల వచ్చే మార్పిది. మురికి పట్టిందని పిల్ల మెడను పీచుతో రుద్ది రుద్ది ఎర్రగా చేసే తల్లులున్నారు. అది రుద్దితే పోదు. ఇన్సులిన్ తగ్గితే నెలల్లో మెల్లగా పలచబడుతుంది.

బరువు తగ్గితే అండాశయం ఎంత తొందరగా దారికొస్తుందో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 1995లో తెలిసింది. అండం విడుదల కాక పిల్లలు లేని, ఊబకాయం ఉన్న 13 మంది స్త్రీలు ఆరు నెలల్లో సగటున 6.3 కిలోలు తగ్గారు. 12 మందిలో అండం విడుదల మొదలైంది, 11 మంది గర్భం దాల్చారు. వాళ్లెవరూ సన్నబడి పోలేదు. చాలామంది అప్పటికీ ఊబకాయం లెక్కలోనే ఉన్నారు.

అయితే బరువు తగ్గడమే సంతానానికి గ్యారంటీ అనుకుంటే పొరపాటు. నెదర్లాండ్స్‌లో ఊబకాయంతో పాటు సంతానలేమి ఉన్న 577 మంది మీద జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది. ఆరు నెలలు ముందు బరువు తగ్గించి తర్వాత చికిత్స మొదలుపెట్టిన వర్గంలో సహజంగా గర్భం వచ్చినవాళ్లు ఎక్కువే. కానీ రెండేళ్ల గడువులో ఆరోగ్యంగా పుట్టిన బిడ్డల లెక్కలో, వెంటనే చికిత్స మొదలుపెట్టిన వర్గాన్ని వాళ్లు దాటలేదు. వయసు మీద పడుతున్న స్త్రీకి ఆరు నెలలు ఆగడమూ ఖర్చే.

మగవాళ్లలో: రిపోర్టు చెప్పేదీ, చెప్పనిదీ

2004లో అమెరికాలోని బఫలో నగరంలో పరేశ్ దండోనా బృందం టైప్-2 షుగర్ ఉన్న 103 మంది మగవాళ్లను పరీక్షిస్తే మూడో వంతు మందిలో స్వేచ్ఛా టెస్టోస్టెరాన్ తక్కువగా తేలింది. వృషణాలు దెబ్బతింటే మెదడు ఎల్‌హెచ్‌ను పెంచి గట్టిగా పిలవాలి. వీళ్లలో ఆ పిలుపే బలహీనంగా ఉంది. అంటే లోపం ప్రధానంగా పైనున్న హైపోథాలమస్, పీయూష గ్రంథి దగ్గరే. పొట్ట కొవ్వు టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మార్చేసి, ఆ ఈస్ట్రోజెన్ మెదడును నొక్కేస్తుందన్న వివరణ జనంలో బాగా పాకింది. అదే బృందం తర్వాత కొలిచి చూస్తే ఈ మగవాళ్లలో ఈస్ట్రోజెన్ కూడా తక్కువే ఉంది. కాబట్టి నెపం ఒక్క అరోమటేజ్ మీద వేయడం కుదరదు. ఇన్సులిన్ రెసిస్టెన్స్, దీర్ఘకాలిక వాపు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, ఇవన్నీ కలిసి మెదడు సంకేతాన్ని మందగింపజేస్తాయని ఇప్పుడు భావిస్తున్నారు.

బరువు తగ్గినప్పుడు ఏం జరుగుతుందన్నదానికి 2013లో జొవానీ కొరోనా బృందం అనేక అధ్యయనాలను కలిపి లెక్క తీసింది. ఆహార నియమంతో తగ్గినవాళ్లలో మొత్తం టెస్టోస్టెరాన్ సగటున డెసిలీటరుకు 80 నానోగ్రాములకు పైగా పెరిగితే, బేరియాట్రిక్ సర్జరీతో తగ్గినవాళ్లలో 250 దాకా పెరిగింది. అదే ఏడాది యూరప్‌లోని మగవాళ్లను నాలుగేళ్లకు పైగా గమనించిన ఈమాస్ అధ్యయనం ఇందులోని మెలికను బయటపెట్టింది. కొద్దిగా తగ్గినవాళ్లలో ఎస్‌హెచ్‌బీజీ, మొత్తం టెస్టోస్టెరాన్ కలిసి పెరిగాయి, స్వేచ్ఛా టెస్టోస్టెరాన్ అంతగా కదల్లేదు. అది నిజంగా మారింది 15 శాతానికి మించి తగ్గినవాళ్లలోనే. బరువు పెరిగినవాళ్లలో ఇదంతా తిరగబడింది. అందుకే నాలుగు కిలోలు తగ్గిన మనిషి రిపోర్టులో టెస్టోస్టెరాన్ పెరిగినట్టు కనిపించినా, అందులో ఎస్‌హెచ్‌బీజీ వాటా ఎంతో చూడాలి.

సంతాన సామర్థ్యం మీదా ప్రభావం ఉంది. డెన్మార్క్‌లో 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో ఎనిమిది వారాల కఠిన ఆహార నియమంతో 16 కిలోలకు పైగా తగ్గిన మగవాళ్లలో వీర్యకణాల సాంద్రత దాదాపు ఒకటిన్నర రెట్లయింది. ఏడాది తర్వాత కూడా ఆ లాభం నిలిచింది బరువు మళ్లీ పెరగనివాళ్లలోనే.

టెస్టోస్టెరాన్ ఇంజెక్షనే వేస్తే సరిపోదా అన్న ప్రశ్నకు ఆస్ట్రేలియాలో 1,007 మంది మీద జరిగిన టీ4డీఎం అధ్యయనం 2021లో కొంత సమాధానం చెప్పింది. అందరికీ ఆహార, వ్యాయామ కార్యక్రమం ఇచ్చి సగం మందికి అదనంగా టెస్టోస్టెరాన్ ఇచ్చారు. రెండేళ్లకు పరీక్షలో షుగర్ జబ్బు ఉన్నట్టు తేలినవాళ్లు ఇంజెక్షన్ వర్గంలో 12 శాతం, మిగతా వర్గంలో 21 శాతం. కానీ ఇంజెక్షన్ తీసుకున్న ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా రక్తం చిక్కబడి హెమటోక్రిట్ హద్దు దాటింది. పైగా బయటి నుంచి వచ్చే టెస్టోస్టెరాన్ వీర్యకణాల ఉత్పత్తిని అణచివేస్తుంది. పిల్లలు కావాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు.

మెనోపాజ్ తర్వాత

అండాశయాలు విశ్రాంతి తీసుకున్నాక స్త్రీ శరీరంలో ఈస్ట్రోజెన్ తయారయ్యే ప్రధాన స్థలం కొవ్వే. ఈ వయసులో ఊబకాయం రొమ్ము క్యాన్సర్, గర్భాశయ లోపలిపొర క్యాన్సర్ ముప్పును పెంచడానికి ఇది ఒక ముఖ్య కారణం. అమెరికాలోని సియాటిల్‌లో ఆన్ మెక్‌టియర్నన్ నాయకత్వంలో 439 మంది స్త్రీలను ఏడాది పాటు గమనించారు. ఆహార నియమం, వ్యాయామం రెండూ పాటించినవాళ్లు సగటున పది శాతానికి పైగా బరువు తగ్గారు. వాళ్ల ఎస్ట్రడయోల్ 20 శాతం తగ్గింది, ఎస్‌హెచ్‌బీజీ 26 శాతం పెరిగింది. వ్యాయామం మాత్రమే చేసినవాళ్లు తగ్గిన బరువు రెండున్నర శాతంలోపే, హార్మోన్ల మార్పూ అంతంతమాత్రమే.

హద్దు దాటితే

తగ్గడం ఒక స్థాయి దాటితే దిశ మారిపోతుంది. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు నెలలు అర్ధాకలితో ఉంచాడు. వాళ్లు నాలుగో వంతు బరువు కోల్పోయారు, దాంతోపాటు లైంగిక ఆసక్తి దాదాపు అడుగంటింది. స్త్రీలలో ఇది నెలసరి ఆగడంగా బయటపడుతుంది. 1970లలో పరిశోధకురాలు రోజ్ ఫ్రిష్ శరీరంలో కనీస కొవ్వు లేకపోతే నెలసరి నిలవదని ప్రతిపాదించింది. ఆ కబురు మెదడుకు మోసేదేమిటో 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ను కనిపెట్టాక తెలిసింది. కొవ్వు కణాలు స్రవించే ఈ హార్మోన్ పడిపోతే హైపోథాలమస్ ఎల్‌హెచ్‌ను విడుదల చేయించే సంకేతాలను ఆపేస్తుంది. 2004లో నెలసరి ఆగిన ఎనిమిది మంది స్త్రీలకు లెప్టిన్ ఇంజెక్షన్లు ఇస్తే ముగ్గురిలో అండం విడుదలైంది.

పరుగు పందేల అమ్మాయిలు, నాట్యకారిణులు, పెళ్లి ముహూర్తానికి సన్నబడాలని అన్నం పూర్తిగా మానేసేవాళ్లు ఈ గుంపులోకి రావచ్చు. వీళ్లలో ఇన్సులిన్ స్పందన బాగానే ఉంటుంది, ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు గుల్లబారుతాయి. క్రీడాకారుల్లో ఈ పరిస్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టింది.

భారతీయుల శరీరంలో

2004లో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీసుకున్న ఫొటో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అదే బీఎంఐ దగ్గర భారతీయుల్లో కొవ్వు ఎక్కువుంటుంది కాబట్టే మన దేశంలో బీఎంఐ 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తున్నారు. నడుము చుట్టుకొలత హద్దు మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం బీఎంఐ 25, ఆపైన ఉన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని చెబుతున్నాయి. మూడు పూటలూ అన్నం, ఇడ్లీ, దోసెలతో గడిచే ఇంట్లో ఈ హద్దు దాటడం చాలా తేలిక.

కాటా కదలకపోయినా లాభం ఉండొచ్చని కూడా మన దేశంలోనే తేలింది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందితో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో నడక, ఆహార మార్పులు షుగర్ వచ్చే ముప్పును 28.5 శాతం తగ్గించాయి. వాళ్ల సగటు బరువులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే కొంత గ్లూకోజ్‌ను లాక్కోగలదు. ఇన్సులిన్ స్పందనకు వ్యాయామం చేసే మేలు కొంత బరువుతో నిమిత్తం లేనిది. ఈస్ట్రోజెన్ తగ్గాలంటే మాత్రం, సియాటిల్ లెక్కలు చూపినట్టు, కొవ్వు కరగాల్సిందే.

సర్జరీ, కొత్త ఇంజెక్షన్లు

బ్రిటన్‌లో 80 మంది పీసీఓఎస్ స్త్రీలతో జరిగిన బాంబినీ అధ్యయనం 2024లో వచ్చింది. జీర్ణాశయం సైజు తగ్గించే సర్జరీ చేయించుకున్నవాళ్లకు ఏడాదిలో ఆరుసార్లు అండం విడుదలైతే, మందులు, ఆహార నియమం మీద ఉన్నవాళ్లకు రెండుసార్లే అయింది. సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గినట్టు 2021లో తేలింది. ఇలాంటి మరో ఇంజెక్షన్ టిర్జెపటైడ్ 2025 మార్చిలో భారత మార్కెట్లోకి వచ్చింది. మగవాళ్లలో స్వేచ్ఛా టెస్టోస్టెరాన్ మారడానికి అవసరమైన 15 శాతం గీతను సర్జరీ లేకుండా అందుకోవడం వీటితో చాలామందికి సాధ్యమైంది. అయితే తగ్గే బరువులో సుమారు నాలుగో వంతు కొవ్వు కాని భాగం, అందులో కండరం ముఖ్యం. గ్లూకోజ్‌ను అధికంగా వాడుకునేది కండరమే కాబట్టి చాలినంత ప్రోటీన్, బరువులెత్తే వ్యాయామం చికిత్సలో భాగంగానే సూచిస్తారు.

స్త్రీలకు మరో జాగ్రత్త ఉంది. ఏళ్ల తరబడి నెలసరి సరిగా రాక, గర్భం రాదులే అని నిశ్చింతగా ఉన్నవాళ్లకు బరువు తగ్గుతుండగానే అండం విడుదల మొదలుకావచ్చు. టిర్జెపటైడ్ జీర్ణకోశం ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేసి గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది. అందువల్ల మందు మొదలుపెట్టాక, డోసు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు కండోమ్ వంటి మరో పద్ధతిని వాడమంటారు. గర్భం కోరుకునేవాళ్లు సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. సర్జరీ చేయించుకున్నవాళ్లు సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి.